ఉప్పు చూడటం తిండి కిందికి రాదు

జులై 8, సోమవారం

డాక్టరమ్మ నా మోకాళ్ల ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించింది. ఎముకకూ ఎముకకూ మధ్య ఉండాల్సిన సందు సన్నబడిందట. బరువు డెబ్బై నాలుగు. నేను పొట్టిదాన్ని కాబట్టి అది ఎక్కువట. ఐదారు కిలోలు తగ్గితే ఈ మోకాళ్లే ఇంకా చాలా ఏళ్లు మోస్తాయి, తగ్గకపోతే పొయ్యి ముందు నిలబడే పని మానుకోవాలి అంది. తొందరపడొద్దని కూడా చెప్పింది. నెలకు కిలో, కిలోన్నర చాలట. కడుపు మాడ్చుకుని తగ్గినవాళ్లు మళ్లీ అంతకంత పెరుగుతారట.

మా కొడుకు వైభవ్‌కు ఇందులో సగమే వినబడింది. ఆటోలో వస్తూ వస్తూనే తేల్చేశాడు. దీపావళికి బట్ట నేసే సాంచాలు బందై పనివాళ్లంతా ఊళ్లకు పోతారు కదా, అప్పటికి నేను ఆరు కిలోలు తగ్గకపోతే ఖానావళి గది మళ్లీ తెరవకూడదట. ఆ గది బట్ట తాన్లు పెట్టుకోవడానికి కావాలని ఎవరో ఇప్పటికే అడుగుతున్నారట. సరే అన్నాను. ఆరు కిలోలేగా.

వాడికి నా మీద కోపమేమీ లేదు. సిగ్గు, అంతే. నార్పోలి దగ్గర గోదాములో సూపర్‌వైజరు. తల్లేమో పద్మనగర్‌లో కూలీలకు అన్నం వండి పెడుతుంది. ఆ మాట వాడు నోటితో అనడు, మోకాళ్ల పేరు చెబుతాడు. మోకాళ్ల నొప్పి మాత్రం నిజమే. కింద కూర్చుంటే లేవడానికి వంటలో సాయం చేసే లస్మవ్వ చెయ్యి అందించాల్సి వస్తోంది.

కానీ ఆ గది నాది. సిరిసిల్ల దిక్కు నుంచి పెళ్లాం పిల్లల్ని వదిలి ఈ మరాఠీ ఊరికి సాంచాల మీద పనికి వచ్చిన మగవాళ్లు రెండు పూటలా అక్కడ నా చేతి అన్నం తింటారు. ఇంట్లో నేను దేవయ్య భార్యను, వైభవ్ తల్లిని. ఆ గదిలో సుశీలాబాయిని. అది పోతే నేనేం కావాలి? ఈ మాట ఎవరికీ చెప్పుకోలేను. మా ఆయనకు చెప్పడమంటే గల్లీకి చెప్పడమే. చిన్నప్పటి నుంచి సాంచాల చప్పుడులో పనిచేసి ఆయన చెవులు మందగించాయి. విన్నది సరిగ్గా విన్నాడో లేదో తేల్చుకోవడానికి అదే మాట గట్టిగా తిరిగి అంటాడు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

జులై 11

ఈ రోజు తిన్నవి రాస్తున్నాను. రెండు చాయ్‌లు, పొద్దున ఒక జొన్న రొట్టె, మధ్యాహ్నం పిడికెడు అన్నం, పప్పు, రాత్రి ఇంకో రొట్టె. అంతే. ఇంత తక్కువ తినే మనిషికి ఇంత ఒళ్లు ఎట్లా వస్తుందో డాక్టరమ్మే చెప్పాలి. మా అమ్మది కూడా ఇదే ఒళ్లు.

ఉప్పు చూడటం తిండి కిందికి రాదు. అది పని.

జులై 12

గిన్నెలో అంటుకుని మిగిలిన వంకాయ కూరను పారేయలేక రొట్టె ముక్కతో తుడిచేశాను. అదీ తిండి కిందికి రాదు. గిన్నె కడగడంలో భాగం.

జులై 22

చీరకు కుచ్చి ఒకటి ఎక్కువ వచ్చింది. తగ్గుతున్నాను.

జులై 23

ఆ చీర ఆరు గజాలదట, రోజూ కట్టేవి ఐదున్నర గజాలవట. లస్మవ్వ చెప్పింది. అడగకుండా చెప్పడం దానికి అలవాటు. బట్ట నేసే ఊళ్లో ఉంటూ చీర కొలత చూసుకోకపోవడం మాత్రం నాదే తప్పు.

ఆగస్టు 5, సోమవారం

శ్రావణం వచ్చింది. కడుపు మాడ్చుకోవద్దని డాక్టరమ్మ అన్న మాట గుర్తుంది కానీ, దేవుడి కోసం ఉంటే అది మాడ్చుకోవడం ఎందుకవుతుంది? ఈసారి సోమవారాలే కాదు, గురువారం, శనివారం కూడా ఉపాస్ పట్టాను. వారంలో మూడు రోజులు అన్నం ముట్టకపోతే బరువు ఎక్కడ నిలబడుతుంది?

మా అమ్మ ఉపవాసమంటే పాలు, ఒక పండు. ఇక్కడి మరాఠీ వాళ్లను చూసి మేం సాబుదానా ఖిచిడీ నేర్చుకున్నాం. అందులో దేవుడికి అభ్యంతరం లేని వస్తువులే పడతాయి. సాబుదానా, పల్లీల పొడి, ఆలుగడ్డ, నెయ్యి. మధ్యాహ్నం ఒక పళ్లెం తిన్నాను. సాయంత్రం నీరసంగా ఉంటే రెండు అరటిపళ్లు, ఒక రాజ్‌గిరా లడ్డు. అన్నం మెతుకు ముట్టలేదు.

ఆగస్టు 8, గురువారం

ఉపాస్. ఖిచిడీ బాగా కుదిరింది.

ఆగస్టు 17, శనివారం

మా ఆయన మా నాలుగు సాంచాలకు నూలు తేవడానికి ఆగయ్య దుకాణానికి పోతుంటే నేనూ బండి వెనక కూర్చుని వెళ్లాను. దుకాణంలో నూలు బస్తాలు తూచే కాంటా ఊరికే ఉంది. ఎవరూ చూడటం లేదు కదా అని ఎక్కాను. డెబ్బై రెండు. దిగి, చెప్పులు విడిచి మళ్లీ ఎక్కాను. డెబ్బై రెండే.

మా ఆయన చెవిలో చెప్పాను. "డెబ్బై నాలుగుకెల్లి డెబ్బై రెండుకు దిగినవా?" అని ఆయన అడిగిన అడుగుడు రోడ్డు అవతల చాయ్ దుకాణం దాకా వినిపించింది. ఎప్పుడూ ఇట్లాంటప్పుడు నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. ఈసారి ఊరంతా వింటే బాగుండు అనిపించింది. వైభవ్‌కు మాత్రం చెప్పలేదు, చెప్పొద్దని మా ఆయనకూ రెండుసార్లు చెప్పాను. డాక్టరమ్మ ముందే వాడి కళ్లతో వాడు చూడాలి.

ఉపాస్ విడిచేటప్పుడు ఖుషీలో ఒక రొట్టె ఎక్కువ తిన్నాను. తగ్గుతున్న మనిషికి ఆ మాత్రం చెల్లుతుంది.

ఆగస్టు 28, బుధవారం

డెబ్బై ఐదు.

మిషన్ తప్పన్నాను. డాక్టరమ్మ తనే ఎక్కి చూపించింది, తర్వాత నర్సును ఎక్కించింది. మిషన్ బాగానే ఉంది. మరి నూలు దుకాణంలో డెబ్బై రెండు ఎట్లా వచ్చిందని వైభవ్ ముందే నోరు జారాను. వాడు ఫోను తీసి ఆగయ్యను అడిగాడు. అటువైపు నుంచి ఆగయ్య నవ్వు నాకూ వినిపించింది. ఆ కాంటా నూలు బస్తాల కోసం పెట్టింది. సంచీ బరువూ, నూలు చుట్టిన గొట్టాల బరువూ కలిపి మూడు కిలోల బార్దాన్ ముందే కోసేసి, మిగిలిన నూలు బరువు మాత్రమే చూపిస్తుంది. పద్మనగర్‌లో పలక పట్టిన పిల్లకు కూడా బార్దాన్ అంటే ఏమిటో తెలుసు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ బస్తాలు చూస్తున్న నాకు, నేను ఎక్కేసరికి గుర్తు రాలేదు. నాకు లేని సంచీని నా ఒంట్లోంచి కోసేసింది.

వారానికి మూడు ఉపాస్‌లు ఉన్నానమ్మా అన్నాను. ఉపాస్ రోజు ఏమేం తింటారని డాక్టరమ్మ అడిగింది. సాబుదానా దగ్గర మొదలుపెట్టి లడ్డు దాకా వచ్చేసరికి నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

బయటికి వచ్చాక వైభవ్ నెమ్మదిగానే అన్నాడు.

"ఇడిసిపెట్టు అమ్మా. ఆ గది అడిగినోళ్లకు హా చెప్తా."

"దీపావళి దాక టైమిచ్చినవ్," అన్నాను. "దీపావళి రానీ."

ఇంటికి వచ్చాక ఏడ్చాను. బరువు పెరిగినందుకు కాదు. వాడు జాలిపడ్డాడు, అందుకు.

ఆగస్టు 29

ఏమీ రాయాలని లేదు.

సెప్టెంబరు 2, సోమవారం

ఆఖరి శ్రావణ సోమవారం. పాలు, ఒక పండు. అంతే. ఇది నిజంగా అంతే.

సెప్టెంబరు 3

ఈ రోజు మా కోడలి మీద కోపం వచ్చింది. నేహది సోలాపూర్. వైభవ్ గోదాములోనే కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. పెళ్లై రెండేళ్లైనా మా ఇద్దరి మాటలు వంటింటి గడప దగ్గరే ఆగిపోతాయి. తనకు వంట రాదని నేను అనను, వస్తుందని తను అనదు. అట్లా బాగానే జరుగుతోంది.

పొద్దున కంపెనీ బస్సు ఆలస్యమై ఖానావళి తలుపు దగ్గర నిలబడింది. నేను మధ్యాహ్నం వంటలో ఉన్నాను. కాసేపు చూసి, మెల్లగా అంది.

"అత్తమ్మ, ఖరంచ్, నిజమే చెప్తున్న, కోపం చేయకుండ్రి. నేను నిలవడ్డ కాడికెల్లి ఏడు సార్లు నోట్ల ఏసుకున్నరు."

ఉప్పు చూస్తున్నాను, అది కూడా తెలియదా అన్నాను. ఇంతమందికి వండేటప్పుడు ఉప్పు చూడకుండా ఎవరైనా వండుతారా? ఈలోపల బస్సొస్తే ఎక్కి పోయింది. రోజంతా ఆ ఏడు నా చెవిలో తిరిగింది. రేపు లెక్క తేలుస్తాను. రుచి చూసినప్పుడల్లా అంతే పక్కన గిన్నెలో వేసి, సాయంత్రం ఆ గిన్నె తన ముందు పెడతాను. ఆ నాలుగు మెతుకులు చూసి తనే నోరు మూసుకుంటుంది.

సెప్టెంబరు 4

గిన్నె సరిపోలేదు.

పప్పు ఉడికిందా లేదా అని ఒక గరిటె. ఉప్పు వేశాక ఒకటి, పోపు పెట్టాక ఒకటి. అన్నం పలుకు చూడటానికి, గంజి వార్చాక ఇంకోసారి. కూర కారం, చింతపండు పులుపు, అప్పడం విరిగితే ఆ ముక్క, లస్మవ్వ చేసిన మొదటి రొట్టె మెత్తగా ఉందా అని ఒక తునక. తునక అని రాస్తున్నాను కానీ పావు రొట్టె. నేను తిన్నంతే గిన్నెలోనూ వేశాను, దొంగతనం చేయలేదు. వంట సగం కాకముందే గిన్నె నిండింది. రెండో గిన్నె పెట్టాను. అందరూ తిని పోయాక రెండూ పళ్లెంలో బోర్లిస్తే, మా కనుకయ్య పది గంటలు సాంచాల మీద నిలబడి వచ్చి తినేంత అన్నం ఉంది.

లస్మవ్వ వచ్చి చూసి, "ఎవలికి తీసిపెట్టినవక్కా?" అని అడిగింది. నాకే అన్నాను.

ఇది మధ్యాహ్నం వంట ఒక్కటే. రాత్రి వంట ఇంకా ఉంది. అంటే రోజూ ఒక మగవాడి రెండు పూటల తిండి నిలబడి తింటూ, ఆపైన కూర్చుని పిడికెడన్నం తింటున్నాను. ఎన్నేళ్ల నుంచో. ఆ పళ్లెం చూస్తే నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

సాయంత్రం నేహకు ఆ పళ్లెం చూపించలేదు. మా గల్లీ కుక్కకు పెట్టాను. అది కూడా సగం వదిలేసింది.

సెప్టెంబరు 5

ఉప్పు చూడటం మానేస్తే మరి ఎవరు చూస్తారు? లస్మవ్వ నోట్లో ఎప్పుడూ తంబాకు, దానికి ఉప్పూ చక్కెరా ఒకటే. మా ఆయనకు ఏది పెట్టినా బాగుంది అంటాడు, ఆ మాట వంటకు పనికిరాదు. మిగిలింది నేహ.

రోజంతా అడగకుండా గడిపాను. వంటింట్లో గరిటె ఎవరికైనా ఇవ్వొచ్చు, నాలుక ఇస్తే మిగిలేది ఏముంది? ఖానావళిని నిలబెట్టుకోవడానికి అందులో సగం నేనే వదులుకోవాలా అని దుఃఖం వచ్చింది. అయినా ఆరు కిలోలు నా నోట్లోనే ఉన్నాయని తెలిశాక ఇంకెన్ని రోజులు తెలియనట్టు ఉండగలను? సాయంత్రం అడిగాను. తను వెటకారం చేస్తుందనుకున్నాను.

"నాకు మీ పులుపు తెల్వది అత్తమ్మ," అంది. "నేర్పుతే చూస్త."

సెప్టెంబరు 9

నేర్పితే చూస్తానన్న పిల్ల నేర్పకముందే చూసింది. పొద్దున పులుసు తన నోటికి మరీ పుల్లగా అనిపించి, నేను బియ్యం కడిగి వచ్చేలోపల బెల్లం వేసింది. సోలాపూర్‌లో అంతేనట. నేను రుచి చూడలేదు, ఇక చూడనని ఒట్టు పెట్టుకున్నాను కదా. కనుకయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని పళ్లెం వంక చూశాడు. అందరికంటే పాతవాడు, నన్ను బాయి అనకుండా పేరు పెట్టి పిలిచేది ఆయనొక్కడే.

"సుశీలా, గణపతి పండుగని పులుసుల గూడ పాయసం పోసినవా?"

అందరూ నవ్వారు. ఇద్దరు మజ్జిగ పోసుకుని తిని లేచారు. నా ఖానావళిలో పులుసు మిగలడం నాకు గుర్తున్నంత వరకు లేదు. నేహ వచ్చాక గట్టిగా అనాలనుకుని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. తను బస్సు దిగుతూనే, ఎట్ల కుదిరింది అత్తమ్మ అని అడిగింది. ఆ ముఖం చూసి ఆ మాటలు మింగేశాను. చింతపండు నానబెట్టి ఇచ్చి, మా వాళ్ల పులుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నాకించాను. కళ్లు చికిలించి, మళ్లీ అడిగి నాకింది.

సెప్టెంబరు 18

ఇప్పుడు ఒక తోవ దొరికింది. పప్పూ పులుసూ నేహ బస్సుకు ముందే దించేస్తాను. తను ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని చూసి, ఉప్పు తక్కువనో, సరే అనో చెప్పి పోతుంది. మిగతాది కంటితో, వాసనతో వండుతున్నాను. నా పిడికిలికి ఉప్పు లెక్క ఎప్పుడో వచ్చు. నోరే దాన్ని నమ్మేది కాదు.

అందరూ తిన్నాక నా పళ్లెం నేనే పెట్టుకుని స్టూలు మీద కూర్చుంటున్నాను. రొట్టె, కొంచెం అన్నం, పప్పు, కూర మాత్రం నిండుగా, మజ్జిగ. ఏదీ మానలేదు. పళ్లెంలో లేనిది నోట్లోకి పోదు, అంతే నా నియమం. రాత్రి వడ్డనకు ముందే నా భోజనం అయిపోతుంది. ఆకలితో గరిటె పట్టుకుంటే చేయి నోటివైపే పోతుంది. మొదటి నాలుగైదు రోజులు తల తిరిగింది, అందరి మీదా కసిరాను. ఇప్పుడు లేదు.

సాయంత్రం మా ఆయనతో తలావ్ గట్టు దాకా నడక. మోకాలు ఎట్లుందని అడుగుతాడు, బాగుందంటే, "బాగున్నదా" అని ఎదురొచ్చే వాళ్లందరికీ వినబడేట్టు అంటాడు. ఇప్పుడు వాళ్లు కూడా అడగడం మొదలుపెట్టారు.

సెప్టెంబరు 30

డాక్టరమ్మ మిషన్ మీదే. డెబ్బై మూడు. ఇందులో బార్దాన్ లేదు.

వైభవ్ బయట ఫోనులో ఉన్నాడు. లోపలికి వచ్చి, ఆరుకు ఇంకా చాలా ఉంది కదా అన్నాడు. ఉందిలే అన్నాను.

అక్టోబరు 10

సద్దుల బతుకమ్మ. పద్మనగర్‌లో ఆడవాళ్లంతా రోడ్డు మీదే ఉన్నారు. పోయినేడు రెండు చుట్లు తిరిగి కుర్చీలో కూర్చున్నాను. ఈసారి బతుకమ్మలు ఎత్తేదాకా ఆడాను. మోకాలు అనాల్సింది అంది, నేను వినలేదు. బెల్లం కలిపిన మలీద ముద్దలు పంచారు. ఒకటి తీసుకుని, కూర్చుని, మెల్లగా తిన్నాను. ఇన్నేళ్లలో మలీద రుచి ఇంత బాగా తెలియడం ఇదే. రెండోది నేహకు ఇచ్చాను. చాలా సంతోషంగా ఉంది.

అక్టోబరు 17

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను. నేహ రెండు రోజులు పుట్టింటికి పోయింది. నిన్న చింతకాయ పచ్చడి నూరాను, ఉప్పు చూసేవాళ్లు లేరు. ఒక్కసారే అనుకున్నాను. పచ్చడి ఊరికే చూడలేం కదా, అన్నంలో కలిపాను. నిలబడి, గిన్నెలోంచే. ఎంత తిన్నానో తెలియదు. లస్మవ్వ చూసి ఏమీ అనలేదు, అది అననందుకే నా తప్పు నాకు ఎక్కువ తెలిసింది.

ఇదివరకైతే ఇది తిండి కిందికి రాదని రాసేదాన్ని. వస్తుంది. ఈ రోజు ఉపాస్ ఉండి సరిచేద్దామనిపించింది, అదీ చేయలేదు. ఎప్పటిలాగే పళ్లెంలో పెట్టుకుని తిన్నాను. ఉప్పు కనుకయ్యను అడిగాను. కొంచెం ఎక్కువైందన్నాడు. అంతే, కొంపేమీ మునగలేదు.

అక్టోబరు 28, సోమవారం

డెబ్బై.

డాక్టరమ్మ మోకాలు వంచి చూసింది, కుర్చీలోంచి చేయి ఆనించకుండా లేవమంది. లేచాను. ఇట్లాగే ఉంటే పొయ్యి దగ్గర నిలబడొచ్చు, మధ్య మధ్య కూర్చోండి అంది. వైభవ్ లెక్క తీశాడు. డెబ్బై నాలుగు నుంచి డెబ్బై, అంటే నాలుగే, మాట ఆరు కదా అన్నాడు. వాడి లెక్క తప్పు కాదు మరి. నేను ఒప్పుకున్న లెక్కే.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి వాడిని పైనుంచి కిందికి చూసింది. నాలుగు చాలు, ఇదే నిలబెట్టుకోవడం ముఖ్యం అంది. తర్వాత, నువ్వూ ఒకసారి మిషన్ ఎక్కు బాబూ అంది. వాడు వద్దన్నాడు, నవ్వాడు, ఫోను చూసుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. ఎక్కాడు. తొంభై మూడు. వేలికి సూది గుచ్చి రక్తం చూసింది. ముప్పై ఒకటో ఏట ఇంత చక్కెర ఉండకూడదంది.

మొదట నాకు నవ్వొచ్చింది. తీర్పు చెప్పడానికి వచ్చినవాడు బోనెక్కాడు. ఆ నవ్వు బయటికి రాకముందే ఇంకొకటి తట్టింది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చినప్పుడు, చాలమ్మా అంటున్నా వినకుండా మూడోసారి వడ్డించే చేయి ఎవరిది? ఆటోలో వాడు గది ఊసు ఎత్తలేదు.

నవంబరు 11

సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. మావాళ్లు ఊరి నుంచి ఒక్కొక్కరే వస్తున్నారు. పొద్దున గది కావాలన్నవాడు వచ్చి ఖానావళి లోపల అడుగులు వేసి కొలుచుకుంటున్నాడు. నేను బియ్యం చెరుగుతూ కూర్చున్నాను. వైభవ్ డ్యూటీకి బయలుదేరుతూ వచ్చాడు. ఆ కొలుచుకునేవాడి భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయి చెప్పిన మాట నాకు స్పష్టంగా వినిపించింది.

"ఆ రూమ్ ఖాళీ లేదు భావూ. మా అమ్మ ఖానావళి నడుస్తున్నది."

అట్నుంచి అటే బండెక్కి పోయాడు. నేను చెరిగిన బియ్యమే మళ్లీ చెరిగాను.

డిసెంబరు 2

రెండు పెళ్లి భోజనాలు తిన్నాను, డెబ్బై ఒకటి అయ్యింది. గాబరా పడలేదు. పళ్లెం నియమం మీదే ఉన్నాను, మళ్లీ డెబ్బైకి వచ్చింది. నేహ ఇప్పుడు పులుసు చూసి, చింతపండు ఇంకింత పడాలె అత్తమ్మ అంటోంది. నేను నేర్పినదాని కంటే ఒక పాలు ఎక్కువే పుల్లగా అడుగుతోంది. కనుకయ్య మెచ్చుకుంటే ఎవరి నాలుకో చెప్పాను. నాకేమీ తక్కువ కాలేదు.

వైభవ్ సంగతే బెంగ. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం బండి డిక్కీలో పడేశాడు. మధ్యాహ్నం గోదాము బయట వడాపావ్, సాయంత్రం మళ్లీ అదే అని నేహ చెప్పింది. చెబితే వినే వయసు కాదు. నేను చెబితే అసలే వినడు.

డిసెంబరు 9, సోమవారం

మధ్యాహ్నం అందరూ తింటుండగా బయట బండి ఆగింది. వైభవ్. ఇంట్లో ఏదో మరిచిపోయి వచ్చాడనుకున్నాను. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కనుకయ్య పక్కన బంతిలో కింద కూర్చున్నాడు. మీసాలు వచ్చాక వాడు ఈ గదిలో కూర్చోవడం నేను చూడలేదు. కనుకయ్య కాస్త జరిగి చోటిచ్చాడు, తన తిండి తను తింటూ.

"నాకు గూడ పెట్టు అమ్మా," అన్నాడు, తల ఎత్తకుండా. "నువ్వు ఎంత పెట్టుకుంటున్నవో గంతనే పెట్టు."

పెట్టాను. రొట్టె, కొంచెం అన్నం, పాలకూర పప్పు, బీరకాయ కూర నిండుగా, మజ్జిగ. చిన్నప్పటిలాగే తల వంచుకుని గబగబా తిన్నాడు. మెల్లగా తినరా అన్నాను. పళ్లెం ఖాళీ అయ్యింది. నేను పక్కవాళ్లకు వడ్డిస్తూ వాడి ముందుకు వచ్చేసరికి, పళ్లెం కొంచెం ముందుకు జరిపాడు.

"ఇంకింత అన్నం పెట్టవా?"

గరిటె అన్నంలోనే ఉంది. ఈ గదిలో అన్నం అడిగినవాడికి నేను లేదనలేదు. దారిన పోయేవాడికి కూడా అనలేదు. వీడు నా కడుపున పుట్టినవాడు, పొద్దుటి నుంచి పనిచేసి వచ్చాడు. గరిటె వదిలి, గిన్నె మీద మూత పెట్టాను.

"ఇయ్యాలటికి గింతే బిడ్డా," అన్నాను. "రేపు రా."

గిన్నెలో అన్నం ఉందని వాడికి కనిపిస్తూనే ఉంది. నా ముఖం వంక చూశాడు. కోపమేమో అనుకున్నాను, కాదు. లేచి, అందరిలాగే తన పళ్లెం తనే కడిగి బోర్లించి, బండెక్కి పోయాడు.

రేపటి నుంచి ఒక మనిషి బియ్యం ఎక్కువ పొయ్యమని లస్మవ్వకు చెప్పాను.